పెట్టె టిక్కుమంది

తెనాలిలో మే నెల సాయంత్రాలు ఎలా ఉంటాయో ఇక్కడివాళ్ళకి చెప్పక్కర్లేదు. మధ్యాహ్నం దాకా నిప్పులు చెరుగుతుంది, అయిదింటికి ఆకాశం నల్లబడుతుంది, ఆ తర్వాత ఈదురుగాలి, దుమ్ము, మేడమీద ఆరబెట్టిన వడియాల కోసం ఉరుకులు. ఆ రోజూ అత్తయ్య వడియాల కోసం పైకి పరిగెత్తారు. నేను మాత్రం కుర్చీలోంచి లేవలేదు. శుక్రవారానికి ఇవ్వాల్సిన పెళ్ళి హైలైట్స్ టైమ్‌లైన్ మీదే ఉన్నాయి. పక్క టేబుల్ దగ్గర మా మరిది ముందురోజు పెళ్ళి కెమెరా మెమరీ కార్డులు కాపీ చేస్తున్నాడు.

ఆరూ నలభైకి వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ ఢామ్మంది.

ఫ్యాను ఆగింది, లైట్లు పోయాయి. యూపీఎస్‌లు కీచుమన్నాయి. కంప్యూటర్లు రెండూ వెలుగుతూనే ఉన్నాయి కాబట్టి మొదటి అరక్షణం నాకేం అనిపించలేదు. తర్వాత టేబుల్ కిందకి చూస్తే డిస్కుల పెట్టె మీద ఒక్క లైటు కూడా లేదు.

మా సంగతి కొంచెం చెప్పాలి. మా ఆయన పెళ్ళిళ్ళకి వీడియో తీస్తారు, ఎడిటింగ్ నాది. రెండు రోజుల పెళ్ళికి మూడు కెమెరాలంటే అయిదారు వందల జీబీ ఎక్కడికీ పోదు. అందుకని ఒక పాత డెస్క్‌టాప్‌లో ఉబుంటు (లినక్స్‌లో ఒక రకం) వేసి, దానికి యూఎస్‌బీతో నాలుగు డిస్కులు పట్టే పెట్టె ఒకటి తగిలించాను. నాలుగూ 4 టీబీవి. వాటిని రెయిడ్ 5గా కలిపాను, అంటే నాలుగూ ఒకే డిస్కులా పనిచేస్తాయి, ఒకటి పోయినా మిగతా మూడింటితో డేటా నిలుస్తుంది. పోయినదాన్ని మళ్ళీ లెక్కగట్టడానికి రాసుకునే పారిటీకి ఒక డిస్కు మేర చోటు పోగా 12 టీబీ వాడుకోవచ్చు. ఆ రెయిడ్ కూడా పెట్టె చేసేది కాదు, లినక్స్ చేసేది. పెట్టెలోనే రెయిడ్ ఉండేవి కొనమని కొట్టువాడు చాలా చెప్పాడు. ఆ పెట్టె పోతే మళ్ళీ అలాంటి పెట్టే వెతుక్కోవాలి కదా అని నేను ఒప్పుకోలేదు. ఆ రోజు చేసిన మొండితనమే ఈ కథలో నన్ను కాపాడింది.

మొండితనం గురించి చెప్పినదాన్ని బద్ధకం గురించి కూడా చెప్పాలి. ఆ డెస్క్‌టాప్ యూపీఎస్‌కి వెనక మూడు సాకెట్లు. ఒకటి కంప్యూటరు, ఒకటి మానిటరు, ఒకటి రూటరు. పెట్టె అడాప్టరు మాత్రం "ఇప్పటికి ఇలా ఉండనీ" అని గోడ ప్లగ్గులో పెట్టాను. ఆ "ఇప్పటికి" మొన్నటికి రెండేళ్ళు. అంటే కరెంటు పోయినప్పుడు కంప్యూటరు బతికే ఉంది, అది రాస్తున్న డిస్కులు మాత్రం మాయమయ్యాయి. నాకు తెలిసి మొత్తం ఒక్కసారి ఆగిపోవడం కంటే ఇదే పెద్ద గందరగోళం.

కరెంటు రెండు నిమిషాల్లో వచ్చింది. వచ్చి పోయింది. మళ్ళీ వచ్చేసరికి లైట్లు మామూలు కంటే తెల్లగా వెలిగాయి, ఫ్రిజ్ స్టెబిలైజర్ టకటకా కొట్టుకుంది. పెట్టె మీద నాలుగు నీలం లైట్లు వెలిగాయి. డిస్కులు తిరగడం మొదలైన ఆ సన్నటి హూం శబ్దం వినిపించింది. హమ్మయ్య అనుకునేలోపు టిక్కుమంది. లైట్లన్నీ ఆరాయి. అయిదు సెకన్లాగి మళ్ళీ నాలుగు లైట్లు, మళ్ళీ హూం, మళ్ళీ టిక్.

"వదినా, ఒక్కసారి ఆపి వెయ్యనా?" అన్నాడు మరిది. నేను మాట్లాడలేదు. టెన్షన్‌లో నాకు నోరు రాదు. వడియాల చాపతో దిగి వచ్చిన అత్తయ్యే, "ముందా ప్లగ్గు పీకండర్రా, కొట్టుకు చస్తోంది అది!" అని అరిచారు. పీకాం. ఆ సాయంత్రం మొత్తంలో మేం చేసిన సరైన పని అదొక్కటే. నిలకడలేని కరెంటు మీద డిస్కులు అలా లేస్తూ పడుతూ ఉండటం కంటే ఆగి ఉండటమే క్షేమం.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కారణం ఒకటే, కార్డు. ఆ పెళ్ళివి రెండు కార్డులు. మొదటిది ఆరూ ముప్పై అయిదుకి కాపీ అయిపోయింది. మా ఆయన దాన్ని అప్పటికప్పుడే ఫార్మాట్ కొట్టి, కెమెరాలో వేసుకుని రేపల్లెలో రిసెప్షన్‌కి వెళ్ళిపోయారు. వెళ్ళి దాని మీదే షూట్ కూడా చేశారు. అంటే ఒక అమ్మాయి పెళ్ళిలో జీలకర్ర బెల్లం, తలంబ్రాలు ఇప్పుడు ఆ టిక్కుమనే పెట్టెలో తప్ప భూమ్మీద ఇంకెక్కడా లేవు.

పదేళ్ళ కిందట హైదరాబాద్ కృష్ణానగర్‌లో ఒక ఎడిటింగ్ స్టూడియోలో పని చేసేటప్పుడు ఇలాగే డిస్కులు కనపడకుండా పోయాయి. మా సీనియర్ వాటిని పీకి విండోస్ కంప్యూటర్‌కి తగిలించాడు. "ఈ డిస్కుని ఇనిషియలైజ్ చెయ్యాలి" అని తెర మీద మెసేజ్ వస్తే, ఓకే కొట్టాడు. అడిగింది కదా, కొట్టాను అన్నాడు పాపం. తర్వాత దాన్ని ఫార్మాట్ కూడా చేశాడు. కరెంటు పోవడం వల్ల అక్కడ పోయింది ఏమీ లేదని, పోయిందంతా ఆ తర్వాతి పావుగంటలోనే పోయిందని నాకు చాలా ఏళ్ళకి గాని అర్థం కాలేదు.

పొద్దున్నే ఒక ఫ్రెండ్‌కి ఫోన్ చేస్తే, "ఏముంది, అదే వరసలో డిస్కులు పెట్టి రెయిడ్‌ని మళ్ళీ క్రియేట్ కొట్టెయ్, డేటా అలాగే ఉంటుంది" అన్నాడు. అన్నీ సరిగ్గా కుదిరితే నిజంగానే ఉంటుంది. వరస తప్పినా, చంక్ సైజు (డేటాని డిస్కులకి పంచే ముక్క సైజు) తేడా వచ్చినా, డేటా మొదలయ్యే చోటు కొత్త వెర్షన్‌లో మారినా, మంచి డిస్కుల మీద తప్పుడు పారిటీ రాసుకుంటూ పోతుంది. థాంక్స్ చెప్పి పెట్టేశాను.

కింద నుంచి మొదలుపెడదాం అనుకున్నాను. కింద అంటే కరెంటు.

అడాప్టరు పట్టుకుంటే ఏ తేడా లేదు. పైన చిన్న లైటు వెలుగుతోంది. కాని ముక్కు దగ్గర పెట్టుకుంటే కాలిన బేకలైట్ లాంటి వాసన. డిస్కు తిరగడం మొదలయ్యేటప్పుడే కరెంటు ఎక్కువ లాగుతుంది. 3.5 అంగుళాల డిస్కు ఒక్కోటి 12 వోల్టుల మీద రెండు ఆంపియర్ల దాకా లాగుతుంది, వేగం అందుకున్నాక అందులో పావు వంతు చాలు. నాలుగూ ఒకేసారి లేస్తే ఎనిమిది ఆంపియర్లు. అడాప్టరు అంత మొయ్యలేకపోతే సరిగ్గా ఆ లేచే క్షణంలోనే చతికిలబడుతుంది. వోల్టేజ్ పడగానే డిస్కులు పళ్ళేల మీద చదివే, రాసే హెడ్లని లోపలికి లాగేసుకుంటాయి, ఆ చప్పుడే టిక్. (కరెంటు లేకుండా ఎలా లాక్కుంటాయంటే, స్విచ్ ఆపినా ఫ్యాను కాసేపు తిరిగినట్టు పళ్ళేలు తిరుగుతూ ఉంటాయి కదా, ఆ తిరుగుడునే జనరేటర్‌లా వాడుకుంటాయి. ఎవరు కనిపెట్టారో గాని దండం పెట్టాలి.)

నా డిస్కులు పెట్టి అడాప్టరుని పరీక్షించే ధైర్యం లేదు. నాలుగింటినీ బయటికి తీసి, మార్కర్‌తో 1, 2, 3, 4 అని రాసి, సీరియల్ నంబర్లతో సహా ఫోటో తీసి పక్కన పెట్టాను. అటక మీద పాత 500 జీబీ డిస్కులు మూడు ఉంటే దించాం. యూఎస్‌బీ కేబుల్ పీకేసి ఉత్త పెట్టెలో ఒకటి పెట్టి ఆన్ చేస్తే చక్కగా తిరిగింది. రెండు పెట్టినా తిరిగాయి. మూడోది పెట్టగానే హూం, టిక్, చీకటి.

రాత్రంతా రెండు డిస్కులు చచ్చిపోయాయేమో అని ఏడ్చాను నేను!

మా వీధి మొదట్లో టీవీలు బాగుచేసే బాబాయ్ గారి దగ్గరికి తీసుకెళ్ళాను. మీటరు పెడితే 12.1 వోల్టులు చూపించింది. "బాగానే ఉందిగా అమ్మాయ్" అన్నారు. నాలుగు డిస్కులు లాగాలి బాబాయ్ గారూ అంటే, ఓహో అని లోపల్నుంచి కారు హెడ్‌లైట్ బల్బు తెచ్చారు. 55 వాట్లది, దాదాపు నాలుగున్నర ఆంపియర్లు లాగుతుంది. బల్బు తగిలించగానే 12.1 కాస్తా 9.4కి పడి ఊగింది. అడాప్టరు విప్పితే లోపల రెండు కెపాసిటర్లు బూరెల్లా ఉబ్బి ఉన్నాయి. బరువు వెయ్యకుండా మీటరు పెట్టి చూస్తే ఏ అడాప్టరైనా మంచిదే అన్నారాయన. కెపాసిటర్లు మార్చి ఇస్తానన్నారు. మార్చమన్నాను గాని నా డిస్కులకి మాత్రం కొత్తదే ఆర్డర్ పెట్టాను.

కొత్తది రావడానికి మూడు రోజులు. శుక్రవారం రెండు రోజుల్లో ఉంది. ఇక్కడే పనికొచ్చింది పాత మొండితనం. రెయిడ్ లినక్స్‌ది కాబట్టి డిస్కులకి ఆ పెట్టెతో పని లేదు, నేరుగా డెస్క్‌టాప్ లోపల సాటా కేబుళ్ళకి (డిస్కుల్ని మదర్‌బోర్డుకి కలిపేవి) తగిలించొచ్చు. కొన్ని పెట్టెలు డిస్కు సెక్టార్ (డిస్కులో అతి చిన్న గడి) సైజుని మార్చి చూపిస్తాయి, అప్పుడు డిస్కుని బయటికి తీసి తగిలిస్తే డిస్కులో భాగాలు ఎక్కడున్నాయో చెప్పే పార్టిషన్ టేబుల్ కూడా కనపడదు. మాది అలాంటిది కాదని కొన్న కొత్తలోనే చూసుకున్నాను.

మదర్‌బోర్డు మీద సాటా పోర్టులు నాలుగే. ఒకటి ఉబుంటు ఉన్న ఎస్‌ఎస్‌డీది. దాన్ని పీకేసి, పెన్‌డ్రైవ్ నుంచి ఉబుంటు బూట్ చేశాను. పీకే ముందు ఆ ఎస్‌ఎస్‌డీలో ఉన్న కెర్నెల్ లాగ్ (లినక్స్ జరిగినవాటిని టైముతో సహా రాసుకునే చిట్టా) మాత్రం ఒకసారి చదివాను. చదివి కాసేపు అలాగే కూర్చున్నాను.

డిస్కుల గొడవ ఆరూ నలభైకి మొదలవ్వలేదు. ఆరూ ముప్పై ఒకటికే మొదలైంది. గాలి మొదలైనప్పుడు లైట్లు రెండు మూడుసార్లు మసకబారాయి, మేం పట్టించుకోలేదు. ఆ లోవోల్టేజ్‌లో నాలుగో డిస్కు ఒక్క క్షణం తప్పిపోయింది. లినక్స్ దాన్ని రెయిడ్‌లోంచి తీసేసి, మిగతా మూడింటితో ఏమీ జరగనట్టు పని చేసుకుపోయింది. రెయిడ్ 5 ఉన్నదే అందుకు. హెచ్చరిక మెయిల్ కూడా పంపింది. ఎవరికి? ఆ కంప్యూటర్‌లోనే ఉన్న రూట్ అనే యూజర్‌కి. ఆ మెయిల్‌బాక్స్ నేను జన్మలో తెరవలేదు. తెరిచి చూస్తే అంతకుముందు ఏడాది నాటివి కూడా ఉన్నాయి.

అంటే నాలుగో డిస్కు చెడిపోలేదు, పాతబడింది. చివరి తొమ్మిది నిమిషాల సంగతి దానికి తెలియదు.

ఎండీఆడమ్ అనే ప్రోగ్రాంతో డిస్కులని ఒక్కొక్కటిగా పరిశీలిస్తే ఇది కళ్ళకి కట్టినట్టు కనపడింది. రెయిడ్‌లో ఉన్న ప్రతి డిస్కూ తన మొదట్లో ఒక చిన్న జాతకం రాసుకుంటుంది: నేను ఏ రెయిడ్ దాన్ని, ఎన్నో స్థానం, చివరిసారి ఎప్పుడు రాసుకున్నాను, ఇప్పటికి ఎన్ని సంఘటనలు జరిగాయి. ఆ చివరి లెక్కే ఈవెంట్స్. ఒకటి, రెండు, మూడు డిస్కుల్లో 61,874. నాలుగో దాంట్లో 61,790. దాని చివరి టైము 6:31. నిన్న రాత్రి కంగారులో నాలుగింటినీ బలవంతంగా కలిపేసి ఉంటే, కొత్త ముక్కల మధ్య పాత ముక్కలు అతుక్కుని, చూడ్డానికి బాగానే ఉండి, పెళ్ళి మధ్యలో ఎక్కడో పగిలేది.

స్మార్ట్ రిపోర్టులు కూడా చూశాను, అంటే డిస్కు తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్కలు, ఒక్కో లెక్కకి ఒక నంబరు ఉంటుంది. హఠాత్తుగా హెడ్లు లాక్కున్న లెక్క చూపించే 192 నాలుగింటిలోనూ పెరిగింది, అది మామూలే. పాడైన సెక్టార్లు చూపించే 5 దగ్గర అన్నిటికీ సున్నా. రెండో డిస్కులో 197 దగ్గర మాత్రం 8. 197 అంటే చదవలేకపోతున్న సెక్టార్లు. ఎనిమిది అనగానే భయపడక్కర్లేదు. ఇప్పటి డిస్కుల్లో అసలు సెక్టారు 4,096 బైట్లు, లెక్క మాత్రం పాత 512 బైట్లలో చెప్తాయి, కాబట్టి ఎనిమిదంటే ఒక్కటే. రాస్తుండగా కరెంటు పోయి సగం రాసిన సెక్టారు. మళ్ళీ దాని మీద రాస్తే పోతుంది. కాని ఇప్పుడు నాకు మూడు డిస్కులే దిక్కు, అందులో ఒకదానికి ఈ మచ్చ.

మూడింటితో మొదలుపెట్టమంటే లినక్స్ ఒప్పుకోలేదు. ఒక డిస్కు లేదు, పైగా రాస్తుండగా ఆగింది, ఇలాంటిదాన్ని నేను మొదలుపెట్టను అంది. దాని అభ్యంతరం న్యాయమైనదే. నాలుగు డిస్కులుంటే పారిటీ మళ్ళీ లెక్కేసుకుని సరిచేసుకుంటుంది. మూడే ఉన్నప్పుడు, చివరి రాత సగంలో తెగి ఉంటే, లేని డిస్కులోని ముక్కని తప్పుగా లెక్కగట్టే ప్రమాదం ఉంది. ఫోర్స్ అని చెప్తే వింటుంది. కాని ఫోర్స్ అంటే డిస్కుల మీద జాతకం మార్చి రాయడం, తర్వాత వెనక్కి తీసుకోలేం.

అందుకని అసలు డిస్కుల మీద చెయ్యి పెట్టలేదు. లినక్స్‌లో ఓవర్‌లే అని ఒక పద్ధతి ఉంది. బొమ్మ మీద ట్రేసింగ్ పేపర్ పరిచి పేపర్ మీద గీసుకున్నట్టన్నమాట. చదవడం అసలు డిస్కు నుంచి, రాసేది మాత్రం వేరే చోట ఫైల్లోకి. యూఎస్‌బీ ఎస్‌ఎస్‌డీలో మూడు ఫైళ్ళు పెట్టి, మూడు డిస్కుల మీదా పేపర్లు పరిచి, వాటి మీద ఫోర్స్ కొట్టాను. ఎంటర్ కొట్టే ముందు మరిదిని గదిలోంచి పంపేశాను. ఎందుకో తెలియదు, ఎవరూ చూడకూడదనిపించింది.

మూడింటితో లేచింది. మౌంట్ చేస్తే, అంటే ఫైళ్ళు తెరవమంటే, ఈఎక్స్‌టీ4 అనే ఫైల్ సిస్టమ్ తన జర్నల్ చూసుకుని సగంలో ఆగినవాటిని సరిచేసుకుంది. ఫోల్డర్లు వరసగా వచ్చాయి.

ముందు ఆ పెళ్ళి మొదటి కార్డు ఫోల్డరే పోర్టబుల్ డిస్కులోకి కాపీ పెట్టాను, తర్వాత బ్యాకప్ లేని మిగతా రెండు పెళ్ళిళ్ళు. అన్నీ కలిపి 900 జీబీ, రెండున్నర గంటలు. రీబిల్డ్ గురించి అప్పుడు ఆలోచించలేదు. చాలామంది ముందు నాలుగో డిస్కు కలిపి రెయిడ్‌ని పచ్చగా చూసుకోవాలని తొందరపడతారు. రీబిల్డ్ అంటే నాలుగోదాన్ని తిరిగి నింపడానికి మూడు డిస్కుల్నీ మొదట్నుంచి చివరిదాకా చదివించడం. అసలే నీరసంగా ఉన్నవాణ్ణి పరుగు పందెంలో పెట్టడం నాకు నచ్చదు.

కాపీలో ఒక్క ఫైలు దగ్గర ఎర్రర్ వచ్చింది. ఊపిరి బిగబట్టి పేరు చూస్తే, రెండో కార్డులోది, కరెంటు పోయిన క్షణంలో రాస్తున్న ఆఖరి ఫైలు. ఆ మచ్చ పడ్డ సెక్టారు దీనిదే. ఆ రెండో కార్డు ఇంకా రీడర్‌లోనే ఉంది, రాత్రి నుంచి ఎవరూ ముట్టుకోలేదు. మొదటి కార్డువి అన్నీ వచ్చాయి. ఎడిటింగ్ మెషీన్‌లో ఆ క్లిప్పులన్నీ వరసగా వేసి మొదలు నుంచి చివరిదాకా నేనూ మరిదీ చూశాం. తలంబ్రాలు పోసుకునేటప్పుడు పెళ్ళికొడుకు కళ్ళజోడు జారిపోయి పళ్ళెంలో పడింది. రెండుసార్లు చూశాం.

కాపీ అయిపోయింది అని తెర మీద కనపడినంత మాత్రాన డిస్కుకి చేరినట్టు కాదని మా ఆయనకి ఆ రాత్రి చెప్పాను. లినక్స్ రాసేవాటిని మామూలుగా ఒక ముప్పై సెకన్ల దాకా మెమరీలోనే ఉంచుకుంటుంది. ఆ కార్డు కాపీ ముగిసింది 6:35కి, కరెంటు పోయింది 6:40కి. ఆ అయిదు నిమిషాల తేడా లేకపోతే ఏమయ్యేదో చెప్తుంటే ఆయన పెరుగన్నం కలుపుకుంటూ, "ఇక నుంచి నువ్వు చెప్పేదాకా ఫార్మాట్ చెయ్యనులే" అన్నారు. ఇది ఎన్నాళ్ళు సాగుతుందో చూడాలి.

అన్నీ బయటికి వచ్చాక, పాత పెళ్ళిళ్ళు వేరే డిస్కుల్లో ఎలాగూ ఉన్నాయి కాబట్టి, ఇక పాతదాన్ని అతకడం ఎందుకని నాలుగు డిస్కులతో కొత్తగా క్రియేట్ కొట్టాను. ఫ్రెండ్ చెప్పిన మాటే, ఈసారి కావాలని కొట్టాను. తొమ్మిది గంటలకు పైగా పట్టింది. రెండో డిస్కు మీద మళ్ళీ రాసేసరికి 197 సున్నాకి వచ్చింది, 5 కదల్లేదు. శుక్రవారం హైలైట్స్ శనివారం మధ్యాహ్నం ఇచ్చాం. వర్షం వల్ల కరెంటు లేదండీ అన్నాను. అబద్ధం కాదు కదా.

యూపీఎస్ సాకెట్ల గొడవకి రూటరు బలైంది, ఇప్పుడు అది గోడ ప్లగ్గులో ఉంది. రూట్‌కి వచ్చే మెయిళ్ళు నా ఫోన్‌కి వచ్చేలా పెట్టాను. యూపీఎస్‌లో 12 వోల్టుల బ్యాటరీ కూడా మార్పించాను, అది ఎనిమిది నిమిషాలు కూడా ఆగడం లేదని ఈ హడావుడిలోనే తెలిసింది. బాబాయ్ గారు బాగుచేసిన అడాప్టరు వెనక్కి తెచ్చుకోలేదు. మొన్న అటుగా వెళ్తే ఆయన కొట్టు ముందున్న రంగురంగుల లైట్ల పట్టీ దాని మీదే వెలుగుతోంది. "నీదేనమ్మాయ్, కావాలంటే పట్టుకుపో" అన్నారు. వద్దులెండి అన్నాను.

అత్తయ్య మాత్రం ఇప్పుడు ఉరిమితే చాలు, వడియాల కంటే ముందు నా గదిలోకి వచ్చి ప్లగ్గు మీద చెయ్యి వేస్తున్నారు. ఆపకుండా పీకకూడదత్తయ్యా, షట్‌డౌన్ చేసి పీకాలి అని రోజూ చెప్తున్నాను.